బెంగళూరులో బయాలజీ డిగ్రీ: సగం చదువు కాలేజీ గేటు బయటే

నీట్ కౌన్సెలింగ్ మొదటి రౌండ్ అయిపోయిందంటే అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఎంబీబీఎస్ ఎలాగూ రాలేదు, బెంగళూరులో బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్పిద్దామా?" మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బాబాయి ఉంటాడు. పీజీ హాస్టల్ ఆయనే చూసిపెడతాడు. ఆంధ్రా మెస్‌లకు అక్కడ లోటు లేదు. వారంలో అడ్మిషన్ అయిపోతుంది. ఆ వారమంతా కోర్సు పేరు మీద గంటలకొద్దీ చర్చ జరుగుతుంది. డిగ్రీ అయ్యాక ఏ పరీక్ష రాయాలి, దానికి ఏ అర్హత అడుగుతారు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైమాటే. దేశంలోని ఎంబీబీఎస్ సీట్లన్నీ కలిపినా లక్ష పైచిలుకు. అంటే బైపీసీ చదివిన పిల్లల్లో అత్యధికులు డాక్టర్ కాకుండా మరేదో కావలసినవాళ్లే. అయినా డిగ్రీలో చేరాక కూడా చాలామంది మొదటి ఏడాదంతా ఒక కాలు కాలేజీలో, ఒక కాలు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పెట్టి గడిపేస్తారు. చివరికి రెంటికీ చెడిన రేవడి అవుతారు. మళ్లీ నీట్ రాయాలన్న కోరిక బలంగా ఉంటే ఆ ఒక్క ఏడాదీ దానికే ఇచ్చేయడం మేలు. ఎందుకంటే డిగ్రీ మొదటి ఏడాది మార్కులకు ఎవరూ ఊహించనంత పని ఉంది. రెండో ఏడాది చలికాలంలో సమ్మర్ ఫెలోషిప్పులకు దరఖాస్తు పెట్టేనాటికి చేతిలో చూపించడానికి ఉండేవి ఆ మార్కులే.

బీఎస్సీ బయాలజీ తనంతట తాను ఉద్యోగం ఇచ్చే డిగ్రీ కాదని ముందే ఒప్పుకుంటే సగం అయోమయం పోతుంది. అది మధ్య మజిలీ. తర్వాతి మజిలీ ఏదో చూసుకుని వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. బెంగళూరు లాంటి ఊరికి, ఇంటికి దూరంగా, ఖర్చుకు ఓర్చి పంపుతున్నప్పుడు ఇంకో లెక్క కూడా ఉంది. ఆ ఊరు ఇచ్చే లాభం కాలేజీ క్లాసురూములో చాలా తక్కువ. క్లాసులో చెప్పే క్రెబ్స్ సైకిల్ తిరుపతిలోనూ అదే, కర్నూలులోనూ అదే. బెంగళూరులో ఉండి కూడా మూడేళ్లూ కాలేజీ, హాస్టల్, వీకెండ్‌కు మాల్ అన్నట్టు తిరిగితే ఆ డబ్బు దండగే.

పేరులో ఏముంది? చాలానే ఉంది

బయోటెక్నాలజీ అన్న పేరుకు మన ఇళ్లలో మోజు ఎక్కువ. బాటనీ, జువాలజీ అంటే పాతకాలపు చదువులన్న చిన్నచూపు ఉంది. దరఖాస్తు ఫారాలు మాత్రం ఆ మోజును పట్టించుకోవు.

ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ సంగతి చూడండి. ఇంటర్ బోర్డు పరీక్షలో పై ఒక్క శాతంలో నిలిచి, డిగ్రీలో సహజ శాస్త్రాలు చదివేవారికి కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం ఇచ్చేది ఇది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 నేరుగా విద్యార్థికి, మిగతా 20,000 వేసవిలో చేసే రీసెర్చ్ ప్రాజెక్టుకు. ఎమ్మెస్సీ దాకా గరిష్ఠంగా ఐదేళ్లు వస్తుంది. దీనికి 18 సబ్జెక్టుల జాబితా ఉంది. అందులో బాటనీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఉన్నాయి. బయోటెక్నాలజీ పేరు లేదు. మన బోర్డుల్లో కటాఫ్ బాగా పైనే ఉంటుంది కాబట్టి అందరికీ అందేది కాదు. కానీ అంత మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా కోర్సు పేరు చూసుకోకుండా చేరిపోయి, ఏడాదికి 80 వేలు చేజేతులా వదులుకోవడం బాధ కలిగించే విషయం.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ కూడా అలాంటిదే. యూపీఎస్సీ నిబంధన ప్రకారం డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథ్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, పశుసంవర్ధక-పశువైద్య శాస్త్రాల్లో కనీసం ఒకటి సబ్జెక్టుగా ఉండాలి. లేదంటే వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. పాత సీబీజెడ్ (కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ) గ్రూపు విద్యార్థి కళ్లు మూసుకుని ఆ ఫారం నింపవచ్చు. కొత్త పేర్ల కోర్సుల్లో చేరినవాళ్లు తమ మార్కుల జాబితాలో ఏ సబ్జెక్టు ఏ పేరుతో అచ్చవుతుందో చూసుకోవాలి. టీచర్ పోస్టుల కోసం డీఎస్సీ నోటిఫికేషన్లలోనూ డిగ్రీలో ఏ ఆప్షనల్స్ చదివారన్నది చూస్తారు. బీఈడీ చేసి మన ఊళ్లో స్కూల్లో పాఠం చెప్పుకోవాలన్న ఆలోచన మనసులో ఏ మూలన ఉన్నా, పాత నోటిఫికేషన్ ఒకటి తీసి చదివాకే కాంబినేషన్ ఎంచుకోవాలి.

దీనికి తిరుగు మాట కూడా ఉంది. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేయడానికి బయోటెక్నాలజీలోనే బీఎస్సీ ఉండాల్సిన పని సాధారణంగా ఉండదు. ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపర్ ఉంది. జువాలజీ విద్యార్థీ, మైక్రోబయాలజీ విద్యార్థీ దాన్ని రాస్తారు. డిపార్ట్‌మెంట్ ఆఫ్ బయోటెక్నాలజీ సాయంతో నడిచే ఎమ్మెస్సీ కోర్సులకు పెట్టే గాట్-బీ పరీక్షదీ అదే తీరు. అంటే పై చదువుకు ఆ పేరు అక్కర్లేదు, కొన్ని చోట్ల ఉంటే అడ్డం కూడా. అలాగని ఆ కోర్సును తీసిపారేయడానికి లేదు. ల్యాబ్ బాగున్న బయోటెక్నాలజీ కోర్సు, ఎండిపోయిన నమూనా సీసాలు తప్ప మరేమీ లేని బాటనీ డిపార్ట్‌మెంట్ కన్నా వంద రెట్లు నయం.

ల్యాబ్ బాగుందో లేదో తెలుసుకోవడానికి బ్రోషర్ పనికిరాదు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ మెషిన్ ఉందా అని అడిగితే ఉందనే అంటారు, అద్దాల గదిలో చూపిస్తారు కూడా. పక్కన వేలాడే లాగ్‌బుక్‌ను ఒక్కసారి తిప్పి చూడాలి. చివరిసారి దాన్ని ఎప్పుడు వాడారో, వాడింది విద్యార్థులో ఫ్యాకల్టీయో అందులో ఉంటుంది. ఒక్కో మైక్రోస్కోపు దగ్గర ఎంతమంది నిలబడతారో రెండో ఏడాది పిల్లలను క్యాంటీన్‌లో అడిగితే దాచకుండా చెబుతారు.

బెంగళూరులో ఈ పేర్ల కథకు మంచి ఉదాహరణ కళ్లెదుటే ఉంది. బయోకాన్ స్థాపించిన కిరణ్ మజుందార్ షా డాక్టర్ కావాలనుకుని, స్కాలర్‌షిప్ దొరక్క ఆగిపోయారు. 1973లో బెంగళూరు విశ్వవిద్యాలయం నుంచి జువాలజీలో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి బీరు తయారీ శాస్త్రం చదివారు. 1978లో కంపెనీ మొదలుపెట్టినప్పుడు అమ్మింది ఇన్సులిన్ కాదు. బొప్పాయి పాల నుంచి తీసే పపైన్, చేపల నుంచి తీసే ఐసింగ్లాస్. బీరు తయారీలో నేర్చుకునే ఫెర్మెంటేషనే (పులియబెట్టడమే) తర్వాత మందుల తయారీకి పునాది అయింది. ఈస్ట్‌ను పెద్ద పాత్రలో పెంచడం వచ్చినవారికి ఆ పాత్రలోంచి బీరు తీయాలా, ప్రొటీన్ తీయాలా అన్నది తర్వాతి ప్రశ్న.

లెక్కలు వదిలేసినవాళ్ల ఇబ్బంది

మన ఇంటర్ చదువులో పదహారో ఏట ఒక గీత గీస్తారు. అటు ఎంపీసీ, ఇటు బైపీసీ. కర్ణాటకలో పీయూసీ (మన ఇంటర్ లాంటిది) పిల్లలు పీసీఎంబీ పేరుతో లెక్కలు, బయాలజీ రెండూ చదవడం మామూలే. బెంగళూరు కాలేజీలో చేరిన మన బైపీసీ విద్యార్థి పక్క బెంచీలో కూర్చునేది వాళ్లే. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ అని రెండూ కలిపి చదివే వీలు కల్పించింది. ఇప్పటికే డిగ్రీకి వచ్చినవాళ్లకు అది ఉపయోగపడదు.

ఈ గీత వల్ల మొదటి దెబ్బ బెంగళూరులోనే తగులుతుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లో 2011లో మొదలైన నాలుగేళ్ల డిగ్రీలో బయాలజీ మేజర్‌గా తీసుకోవచ్చు. కానీ అందులో చేరాలంటే ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ప్రధాన సబ్జెక్టులుగా ఉండాలి. బయాలజీ చదవడానికి బయాలజీ లేకపోయినా పరవాలేదు, లెక్కలు ఉండాలి! మొదటిసారి విన్నవాళ్లకు ఇది విడ్డూరంగా తోస్తుంది. తిరుపతితో సహా ఏడు చోట్ల ఉన్న కేంద్ర సైన్స్ విద్యాసంస్థలు ఐసర్‌లు కొంత దయ చూపుతాయి. బైపీసీ వాళ్లూ వాటి ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయవచ్చు. కాకపోతే ఆ పరీక్షలోని 60 ప్రశ్నల్లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ తలా 15. పావు వంతు పేపర్ వదిలేసి పోటీ పడాల్సిందే.

ఇంత పట్టుదల ఎందుకో ల్యాబ్‌లో అడుగుపెట్టిన మొదటి వారమే తెలుస్తుంది. ఈ. కొలి బ్యాక్టీరియా అనుకూలమైన పరిస్థితుల్లో 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. పది గంటల్లో 30 సార్లు. ఒక్క కణం నుంచి లెక్క మొదలుపెడితే 107 కోట్లు దాటుతుంది. దీన్ని మామూలు గ్రాఫ్ కాగితం మీద గీస్తే మొదటి ఎనిమిది గంటలూ నేలమీద పాకి, చివర్లో నిట్టనిలువుగా లేస్తుంది, ఏమీ అర్థం కాదు. లాగరిథమ్ స్కేలు మీద గీస్తే తిన్నని గీత వస్తుంది. ఆ గీత వాలును బట్టి బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పవచ్చు. లాగరిథమ్ అంటే బెదిరిపోయేవారు ఇక్కడే ఆగిపోతారు.

ఇంకా చిన్న లెక్కలు ఉన్నాయి. ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూలో కాగితం ఇచ్చి, 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలి, ఎంత ఉప్పు తూస్తావు అని అడిగితే ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న పిల్లలకూ చెమటలు పడతాయి. ఒక మోల్ 58.44 గ్రాములు, లీటరులో పదో వంతు, అందులో నాలుగో వంతు, కాబట్టి 1.461 గ్రాములు. ఎనిమిదో తరగతి హెచ్చవేతలు, భాగహారాలు తప్ప ఇందులో ఏమీ లేదు. అలవాటు లేకపోవడమే అసలు జబ్బు.

మందు ఏమిటంటే మొదటి ఏడాదిలో వారానికి మూడు నాలుగు గంటలు లెక్కలకు పెట్టుకోవడం. లాగరిథమ్స్, డిఫరెన్షియేషన్ అంటే ఏమిటో అర్థమయ్యేంత కాలిక్యులస్, ప్రాబబిలిటీ, ఆపైన స్టాటిస్టిక్స్. ఒక ఎరువు వేసిన మొక్కలు, వేయని మొక్కల ఎత్తుల్లో కనిపించిన తేడా నిజంగా ఎరువు వల్లా, కాకతాళీయమా అని తేల్చడం స్టాటిస్టిక్స్ పని. అది రాకుండా బయాలజీ చేయడమంటే తూకం లేకుండా కిరాణా కొట్టు పెట్టడమే. రెండో ఏడాదిలో 'ఆర్' గానీ పైథాన్ గానీ ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష పట్టుకోవాలి. రెండూ ఉచితం. బెంగళూరులో మన పిల్లలకున్న ఒక వెసులుబాటు ఇక్కడ పనికొస్తుంది. కోడింగ్ నేర్పగల బాబాయిలు, అక్కలు, రూమ్మేట్లు ప్రతి పీజీలో ఉంటారు. వాళ్ల దగ్గర ఆదివారం ఒక గంట కూర్చుంటే కోర్సులకు డబ్బు కట్టాల్సిన అవసరం రాదు.

మూడేళ్లా, నాలుగేళ్లా

ఈ విషయంలో గందరగోళం విద్యార్థులది కాదు, ప్రభుత్వాలది. జాతీయ విద్యా విధానాన్ని 2021-22లో అందరికన్నా ముందు అమలు చేసి నాలుగేళ్ల ఆనర్స్ తెచ్చిన కర్ణాటక, ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది. బెంగళూరులోని కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల కోర్సులు నడుపుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు)తో ఆనర్స్ పద్ధతిలోకి వెళ్లింది. తెలంగాణలో చాలా డిగ్రీలు మూడేళ్లవే.

2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టవచ్చు. కాగితం మీద ఇది బాగుంది. ఆచరణలో నాలుగో ఏడాది విలువంతా ఆ ఏడాది ఎక్కడ గడిచింది అన్నదాని మీదే ఉంటుంది. నిజమైన ల్యాబ్‌లో, రోజూ వెళ్లి, ఒక ప్రశ్న పట్టుకుని థీసిస్ రాస్తే అది రెండేళ్ల ఎమ్మెస్సీకి సాటి. అదే కాలేజీలో అదే గదిలో ఇంకో ఆరు థియరీ పేపర్లు రాయిస్తే, మూడేళ్లతో బయటపడి మంచి చోట ఎమ్మెస్సీలో చేరడమే తెలివైన పని.

జీకేవీకే నుంచి బొమ్మసంద్ర దాకా

బెంగళూరు బయాలజీ పటాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి చదవాలి. బళ్లారి రోడ్డులో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన జీకేవీకే క్యాంపస్ ఉంది. అందులోనే నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్). టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఈ కేంద్రాన్ని ఒబైద్ సిద్దిఖీ నిలబెట్టారు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగ డ్రోసోఫిలా వాసనను, రుచిని ఎలా గుర్తిస్తుందో ఆయన దశాబ్దాల పాటు శోధించారు. పక్కనే స్టెమ్ సెల్ పరిశోధన చేసే ఇన్‌స్టెమ్, స్టార్టప్‌లకు చోటిచ్చే సీ-క్యాంప్. కాస్త దూరంలో జక్కూరు దగ్గర జవాహర్‌లాల్ నెహ్రూ సెంటర్, అటవీ పర్యావరణ పరిశోధనకు ఏట్రీ. నగరం మధ్యలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీలో బయోఇన్ఫర్మేటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో చదవడం) నేర్పే ఐబ్యాబ్, ఇంకా కిందికి వెళితే బొమ్మసంద్ర వైపు బయోకాన్, సిన్‌జీన్ కంపెనీలు. ఈ రెండు కొసల మధ్య 30 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కున్నవాడికి అది మూడొందల కిలోమీటర్లలా అనిపిస్తుందనుకోండి. 2025 ఆగస్టులో ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో మొదలయ్యాక దక్షిణం వైపు ప్రయాణం కాస్త తేలికైంది. హాస్టల్ ఎక్కడ తీసుకోవాలన్నది ఆంధ్రా మెస్ దగ్గరలో ఉందా లేదా అన్నదాని మీద కాకుండా ఈ పటం మీద తేల్చుకుంటే రోజుకు రెండు గంటలు మిగులుతాయి.

ఈ సంస్థల్లో జరిగే సెమినార్లలో చాలావాటికి బయటివారినీ రానిస్తారు. సంస్థల వెబ్‌సైట్లలో వివరాలు ఉంటాయి. మొదటిసారి వెళ్లిన విద్యార్థికి పదింట రెండు మాటలు కూడా అర్థం కావు. అది మామూలే. పదోసారికి ప్రశ్న ఎలా అడుగుతారో, తెలియనిదాన్ని తెలియదని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఎంత తేలిగ్గా ఒప్పుకుంటారో అర్థమవుతుంది. గైడ్ పుస్తకంలో పది మార్కుల జవాబు బట్టీ పట్టడానికి అలవాటు పడ్డ బుర్రకు ఆ రెండోది పెద్ద పాఠం.

అసలు పని వేసవిలో. బెంగళూరులోనే కేంద్ర కార్యాలయం ఉన్న ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలతో కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్పులు ఇస్తుంది. రెండు నెలలు దేశంలో ఏదో ఒక మంచి ల్యాబ్‌లో పని, స్టైపెండ్ కూడా. దరఖాస్తులు అంతకు ముందు చలికాలంలోనే ముగుస్తాయి. ఏప్రిల్‌లో కళ్లు తెరిచేవారికి అందవు. జవాహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌కు సొంత వేసవి కార్యక్రమాలున్నాయి. అందులో ఒకటి ప్రత్యేకంగా బీఎస్సీ బయాలజీ పిల్లల కోసమే. ఒక్క వేసవితో సరిపెట్టకుండా కొన్ని వేసవులు వరుసగా పిలిచి పని నేర్పుతారు.

ఫెలోషిప్ రానివారికి ఈమెయిల్ దారి ఉంది. ఆ దారిని పాడుచేసింది "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అంటూ ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపేవాళ్లు. ఆ ఉత్తరాన్ని ప్రొఫెసర్లు మొదటి వాక్యంలోనే పసిగడతారు. ఆ ల్యాబ్ నుంచి ఈమధ్య వచ్చిన ఒక పేపర్ చదివి, అందులో అర్థంకాని ఒక్క విషయాన్ని రెండు వాక్యాల్లో అడిగి, ఏ నెలల్లో రాగలరో, వారానికి ఎన్ని గంటలో రాసి, మార్కుల జాబితా జతచేస్తే చాలు. పదింటికి ఒక జవాబు వస్తే అదృష్టమే. ప్రొఫెసర్ జవాబివ్వకపోతే అదే ల్యాబ్‌లోని పీహెచ్‌డీ విద్యార్థికి రాయడం తప్పేమీ కాదు. నిజంగా సాయం అవసరమయ్యేది వాళ్లకే.

ల్యాబ్‌లో మొదటి నెల ఏం చేయిస్తారో ముందే తెలిస్తే నిరుత్సాహం ఉండదు. సీసాలు కడిగిస్తారు. ఈగలకు మేత వండిస్తారు, అదీ మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్, అగార్ కలిపి గంజిలా కాచి. సూక్ష్మజీవులను పెంచే మీడియా ప్లేట్లలో పోయిస్తారు. కాలేజీలో మూడేళ్లలో నేర్వని శుభ్రత ఆ నెలలో వస్తుంది. నోట్‌బుక్ రాయడం వస్తుంది. తప్పిన ప్రయోగాన్ని తప్పిందని రాయడం వస్తుంది. చివర్లో ఆ ప్రొఫెసర్ రాసే సిఫారసు లేఖ, ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలోనూ విదేశీ దరఖాస్తులోనూ మార్కుల జాబితా కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఇదే చోట మోసాలు కూడా ఉన్నాయి. రెండు వారాల్లో పీసీఆర్, ఎలైజా, బ్లాటింగ్, బయోఇన్ఫర్మేటిక్స్ అన్నీ నేర్పి సర్టిఫికెట్ ఇస్తామని వేలకు వేలు తీసుకునే శిక్షణ కేంద్రాలు నగరంలో ఎక్కువే. ముప్పై మంది చుట్టూ నిలబడి చూస్తుండగా ఒకరు పిపెట్ పట్టుకుంటారు. ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ మీద రెండు ప్రశ్నలు పడితే గాలి పోతుంది. మంచి పరిశోధనా సంస్థ ఇంటర్న్ దగ్గర మామూలుగా డబ్బు అడగదు. ఎవరైనా అడిగితే అక్కడే అనుమానించాలి.

ఆరుబయట బయాలజీ మీద మనసున్నవారికి ఊరే ల్యాబ్. లాల్‌బాగ్, జీకేవీకే క్యాంపస్, హెసరఘట్ట గడ్డిభూములు, బన్నేరుఘట్ట అన్నీ బస్సుకు అందే దూరంలో ఉన్నాయి. పక్షులను చూసి ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయడం పైసా ఖర్చులేని శిక్షణ. ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది. రెండేళ్లకు ఒకసారి, 15 మంది చొప్పున మాత్రమే తీసుకుంటారు. అక్కడ ఇంటర్వ్యూకు వెళ్లేవారికి నోట్‌బుక్ నిండా సొంతంగా చూసి రాసుకున్నవి ఉంటే అంతకు మించిన సర్టిఫికెట్ ఉండదు.

ఉద్యోగాల వైపు

పరిశోధన అంటే మన ఇళ్లలో మొదటి భయం డబ్బు. "పీహెచ్‌డీకి ఇంకా ఐదేళ్లు ఫీజు కట్టాలా?" అని అడిగే తండ్రులు చాలామంది. నిజానికి పీహెచ్‌డీలో ఎదురు డబ్బిస్తారు. సీఎస్ఐఆర్-నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, జవాహర్‌లాల్ సెంటర్ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో డిగ్రీ కాగానే చేరవచ్చు. ఇబ్బంది డబ్బు కాదు, కాలం. ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ల దాకా స్టైపెండ్ మీద బతకాలి. ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. శాశ్వత ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పలేరు. ఇంట్లో తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లి బాధ్యతలున్న పిల్లలు ఈ లెక్క ముందే వేసుకోవాలి. దాన్ని ఆశయం లేకపోవడంగా చూడటం అన్యాయం.

కంపెనీల వైపు వెళితే బీఎస్సీతో దొరికేవి ఎక్కువగా క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ), ప్రొడక్షన్ ఉద్యోగాలు. క్యూసీ మైక్రోబయాలజీలో చేరిన కుర్రాడి రోజు ఎలా ఉంటుందంటే, తయారీ గదుల్లో పెట్రి ప్లేట్లు తెరిచిపెట్టి గాలిలో ఏమి పడుతోందో చూడటం, నీటి నమూనాలు తీయడం, ఆటోక్లేవ్ రికార్డులు రాయడం. షిఫ్టులుంటాయి. ప్రతి పనికీ ఎస్‌ఓపీ (ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి), ప్రతి ఎస్‌ఓపీకీ సంతకం. ఆ రంగంలో రాయని పని చేయని పని కింద లెక్క. కాబట్టి చేతిరాత, సమయం వేయడం, కొట్టివేతకు పక్కన సంతకం పెట్టడం వంటివి అక్కడ శాస్త్రమంత ముఖ్యం. డిగ్రీలో రికార్డును సెమిస్టర్ చివరి రాత్రి పక్కవాడి దగ్గర చూసి రాసినవారికి ఆ అలవాటు రావడానికి ఏడాది పడుతుంది.

బెంగళూరు బలం బయోలాజిక్స్ (జీవకణాలతో తయారుచేసే మందులు), జీనోమిక్స్ (డీఎన్ఏ మొత్తాన్ని చదివే శాస్త్రం). హైదరాబాద్ బలం వ్యాక్సిన్లు, బల్క్ డ్రగ్స్. అక్కడి బయోటెక్ కంపెనీల సముదాయం జీనోమ్ వ్యాలీ మన ఇంటిదగ్గరే ఉంది కాబట్టి చదువు బెంగళూరులో, ఉద్యోగం హైదరాబాద్‌లో అన్నది మన పిల్లలకు సహజంగా కుదిరే దారి. ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఉంది, సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా. జీనోమిక్స్ వైపు స్ట్రాండ్, మెడ్‌జీనోమ్ వంటి కంపెనీలు బెంగళూరులో ఉన్నాయి. అక్కడ డీఎన్ఏ తీసేవారి పక్కనే డేటా చదివేవారూ కావాలి. లైనక్స్, పైథాన్ వచ్చిన బయాలజీ విద్యార్థికి ఇక్కడ పెద్ద పీట. ఉత్త పైథాన్ వచ్చినవారు బెంగళూరులో వీధికి వందమంది ఉంటారు. వేరియంట్ (డీఎన్ఏలో తేడా) అంటే ఏమిటో, అది జబ్బుకు ఎలా దారితీస్తుందో తెలిసి కోడ్ రాసేవారు తక్కువ.

మెడికల్ కోడింగ్‌లోకి తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్తున్నారు. రోగి రికార్డు చదివి జబ్బుకు, చికిత్సకు ఐసీడీ-10 వంటి కోడ్లు వేయడం, అవి అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిముల్లోకి వెళ్లడం ఆ పని. అనాటమీ, ఫిజియాలజీ గుర్తుంటే కొన్ని నెలల శిక్షణతో ఉద్యోగం వస్తుంది. నెల జీతం కావలసిన ఇంటికి అది గౌరవమైన దారే. కాకపోతే అందులో నాలుగేళ్లు గడిపి, తిరిగి ల్యాబ్‌కు వెళ్దామంటే చేతులు మొద్దుబారి ఉంటాయి. మెడికల్ కోడింగ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే పని భాగం పెరుగుతోందన్నదీ మరవకూడదు.

ఆసుపత్రుల్లో పని చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. మామూలు బీఎస్సీ బయాలజీతో ల్యాబ్ టెక్నీషియన్ కాలేరు. దానికి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) వంటి వేరే కోర్సు చేయాలి. అలైడ్ హెల్త్ రంగానికి 2021లో వచ్చిన కేంద్ర చట్టంతో రిజిస్ట్రేషన్ల లెక్క ఇంకా బిగుస్తోంది. కానీ బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీతో వెళ్లగల దారులు రెండున్నాయి: జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య జబ్బుల మీద సలహా ఇవ్వడం), క్లినికల్ ఎంబ్రియాలజీ (ల్యాబ్‌లో పిండాలతో చేసే పని). బెంగళూరులో సంతాన సాఫల్య కేంద్రాలు ఎన్ని ఉన్నాయో ఏ మెట్రో స్తంభం మీది హోర్డింగులు చూసినా తెలుస్తుంది. జెనెటిక్ కౌన్సెలర్‌కు తెలుగు రావడం కూడా ఒక అర్హతే. మేనరికం చేసుకున్న దంపతులకు, పుట్టబోయే బిడ్డకు ఉన్న ముప్పు ఏమిటో ఇంగ్లీషులో చెబితే తల ఊపుతారు, మాతృభాషలో చెబితే ప్రశ్న అడుగుతారు.

మూడో ఏడాదికి వచ్చేసరికి ఇవన్నీ తారీఖుల్లోకి మారతాయి. జామ్, గేట్ పరీక్షలు ఫిబ్రవరిలో ఉంటాయి. గేట్‌ను డిగ్రీ మూడో ఏడాదిలోనే రాయవచ్చు, లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీ, ఎకాలజీ అని వేర్వేరు పేపర్లున్నాయి. సీయూఈటీ-పీజీ ఆ తర్వాత. కానీ జామ్, గేట్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే తీసుకుని మూసేస్తారు. సరిగ్గా అప్పుడే దసరా సెలవులు వస్తాయి, మెజెస్టిక్‌లో అనంతపురం, కడప బస్సులకు సీట్లు దొరకవు, హాస్టళ్లు ఖాళీ అవుతాయి. ఊరికి వెళ్లి వచ్చాక నింపుదామని ఫారం పక్కన పెట్టిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బస్సు టికెట్ బుక్ చేసిన ఆ సాయంత్రమే, ఫొటో, సంతకం, కేటగిరీ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకుని దాన్ని కూడా నింపేస్తే, ఊళ్లో పండగ పండగలా గడుస్తుంది.